కోతిపిల్ల పెత్తనం

రండర్రా, ఇలా అరుగు మీదికి చేరండి. గుడి దగ్గర కోతి కడుపుకి పిల్ల వేలాడుతుంటే చూశారుగా? తల్లి పట్టుకుందనుకుంటాం గానీ, పట్టుకున్నది పిల్లే. కడుపులో పడ్డప్పుడే మొదలవుతుందర్రా దాని పెత్తనం!

రీసస్ అని ఎర్రమూతి కోతి ఉంది. దాని చూలు దాదాపు అయిదున్నర నెలలు. అన్నాళ్లూ గర్భం నిలవాలంటే ఒంట్లో ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ ఊరుతూ ఉండాలి. గర్భసంచిని కుదురుగా ఉంచేది అదే. మేకకైతే ఈనేదాకా దాన్ని అండాశయమే ఇవ్వాలి. కోతికి అలా కాదు. మూడు వారాలు దాటేసరికి మాయ ఆ పని అందుకుంటుంది. మాయ తల్లిదనుకునేరు, అందులో చాలా భాగం పిల్లతోపాటు పెరిగిందే! కార్ల్ హార్ట్‌మన్ అనే శాస్త్రవేత్త రీసస్ కోతికి 25వ రోజున అండాశయాలు తీసేసినా గర్భం నిలుస్తుందని 1941లోనే చూపించాడు. ఎంత ముచ్చటైన సంగతో చూడండి, తనకి కావలసిన హార్మోన్‌ని పిల్ల తనే సమకూర్చుకుంటోంది.

మేకకి ఈనబోయే ముందు ప్రొజెస్టిరాన్ పడిపోతుంది. కోతికి మాత్రం మాయ బయటపడ్డాకే బాగా తగ్గుతుంది. మీ అమ్మలకీ అంతే. అన్నాళ్లూ పాలు పడకుండా ఆపింది ఆ హార్మోనే. అది తొలగగానే, మెదడు కింద శనగగింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చే ప్రొలాక్టిన్‌కి దారి దొరుకుతుంది.

ఇక ఏటి ఇసుకలో చెలమ తీసినట్టే. తోడేకొద్దీ ఊరుతుంది. పిల్ల చీకితే ఆ కబురు నరాల వెంట మెదడుకి చేరుతుంది. ప్రొలాక్టిన్ పాలు తయారుచేయిస్తుంది, ఆక్సిటోసిన్ అనే మరో హార్మోన్ వాటిని చేపిస్తుంది. చీకడం మానేస్తే రెండూ తగ్గుతాయి. పిల్ల గట్టిగా తాగుతున్నన్నాళ్లూ రీసస్ తల్లికి అండం విడుదల కావడం కూడా వెనకబడుతుంది. చంటిదాని వంతు అయ్యేదాకా తమ్ముడో చెల్లెలో ఆగాల్సిందే!

తల్లితోనే అయిపోయిందా? బ్రెజిల్‌లో మార్మోసెట్ అని ఉడతంత కోతి ఉంది. దానికి మామూలుగా కవలలే. ఆ ఇద్దరినీ వీపున మోయడంలో తండ్రికీ పెద్ద వాటా ఉంటుంది. అలా మోసే తండ్రి నెత్తురులో ప్రొలాక్టిన్ ఎక్కువగా ఉందని 1982లో డిక్సన్, జార్జ్ అనే ఇద్దరు కనిపెట్టారు. పాలిచ్చే పనే లేని మగకోతికి పాల హార్మోన్ ఎందుకు పెరగాలర్రా? ఆలోచించండి, రేపు సాయంత్రం మీరే చెబుదురుగాని.