ర్యామ్ పెంచినా లైసెన్స్ స్కాన్ నత్తనడకే... అసలు తప్పు ఎక్కడుంది?

మీ ఫోన్ సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌లోకి వెళ్తే, లీగల్ ఇన్ఫర్మేషన్ కింద ఓపెన్ సోర్స్ లైసెన్సెస్ అని ఒక లైన్ ఉంటుంది. ఎప్పుడైనా నొక్కి చూశారా? స్క్రోల్ చేసిన కొద్దీ టెక్స్ట్ వస్తూనే ఉంటుంది. ఎవరూ చదవరు, నిజమే. కానీ ఆ లిస్ట్ తేడా వస్తే కంపెనీకి తలనొప్పి మొదలవుతుంది. 2003లో లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రూటర్‌లో లైనక్స్ ఉందని బయటివాళ్లు కనిపెట్టి, జీపీఎల్ ప్రకారం సోర్స్ కోడ్ ఇవ్వాల్సిందేనని పట్టుబట్టారు. కోడ్ బయటికొచ్చింది, దాని మీదే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పుట్టింది. మనలాంటి గాడ్జెట్ పిచ్చోళ్లకి అది పండగ. కంపెనీకి మాత్రం కాదు.

అలాంటి గొడవ రాకుండా కోడ్‌లో ఏ ఫైల్‌కి ఏ లైసెన్స్ ఉందో వెతికిపెట్టే టూల్స్ ఉన్నాయి. వాటిలో బాగా వాడేది ఫాసాలజీ. 2007లో హెచ్‌పీ బయటపెట్టింది, 2015 నుంచి లైనక్స్ ఫౌండేషన్ ప్రాజెక్ట్. కొన్నాళ్లు నేను ఒక చిన్న సెట్‌టాప్ బాక్స్ టీమ్‌కి ఈ సర్వర్ చూసిపెట్టాను. ఈ ఆర్టికల్ అక్కడ నేను చేసిన తప్పుల గురించే.

మా మెషీన్‌లో 8 కోర్లు, 16 జీబీ ర్యామ్, ఒక మామూలు హార్డ్ డిస్క్. శుక్రవారం సాయంత్రం ఫర్మ్‌వేర్ సోర్స్ మొత్తం ఎక్కించి ఇంటికెళ్లాం. సోమవారం పొద్దున్న వచ్చేసరికి ఇంకా నడుస్తూనే ఉంది. అందులో ఒక్క లైనక్స్ కెర్నలే 70 వేలకు పైగా ఫైళ్లు. "ర్యామ్ చాలట్లేదు సార్" అని చెప్పి 32 జీబీ చేయించాను. ఓనర్ డబ్బులు పోయాయి, స్పీడ్ మాత్రం పెద్దగా మారలేదు. తర్వాత కాన్ఫిగరేషన్ ఫైల్‌లో ఒకేసారి నడిచే ఏజెంట్ల లిమిట్ 10 ఉంటే 24 చేశాను. ఈసారి ఇంకా స్లో అయింది!

ముందే చేయాల్సిన పని అప్పుడు చేశాను. టాప్, ఐఓస్టాట్ కమాండ్లు రన్ చేసి చూస్తే, సీపీయూ ఎక్కువసేపు ఖాళీగా డిస్క్ కోసం ఎదురుచూస్తోంది. డిస్క్ మాత్రం నూటికి నూరు శాతం బిజీ.

లోపల జరిగేది ఇదీ. అప్‌లోడ్ చేసిన ఆర్కైవ్‌ని ఫాసాలజీ పొరలు పొరలుగా విప్పుతుంది. ప్రతి ఫైల్‌నీ రిపాజిటరీలో దాని హ్యాష్, సైజుతో కలిపిన పేరు మీద దాస్తుంది. ఆ తర్వాత నోమోస్ కీలక పదాల కోసం, మంక్ పూర్తి లైసెన్స్ టెక్స్ట్‌తో పోల్చడానికి, ఓజో ఎస్‌పీడీఎక్స్ ట్యాగ్‌ల కోసం అవే ఫైళ్లని చదువుతాయి. దొరికిన ప్రతిదీ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఒక వరుస అవుతుంది. అంటే లక్షల చిన్న చిన్న రీడ్‌లు, రైట్‌లు. నిమిషానికి 7200 సార్లు తిరిగే హార్డ్ డిస్క్ ఇలా చెల్లాచెదురుగా ఉన్న పనులు సెకనుకు వంద చిల్లర చేస్తే గొప్ప. దాని మీద 24 ఏజెంట్లు ఒకేసారి పడితే ఏమవుతుంది? ఒక్క కౌంటర్ ఉన్న రేషన్ షాపు ముందు క్యూ పొడుగు పెంచినట్టే.

కాబట్టి మొదటి మందు ఎస్‌ఎస్‌డీ. బడ్జెట్ తక్కువైతే డేటాబేస్‌ని ముందు దాని మీదకి మార్చండి, రిపాజిటరీ తర్వాత చూసుకోవచ్చు. మాకు అన్నిటికన్నా ఎక్కువ తేడా కనిపించింది ఇక్కడే.

రెండోది పోస్ట్‌గ్రెస్ సెట్టింగ్స్. షేర్డ్ బఫర్స్ డిఫాల్ట్ 128 ఎంబీ. 32 జీబీ మెషీన్‌లో 128 ఎంబీ! డేటాబేస్‌కే కేటాయించిన సర్వర్ అయితే ర్యామ్‌లో 25 శాతంతో మొదలుపెట్టమని పోస్ట్‌గ్రెస్ వాళ్ల డాక్యుమెంటేషనే చెబుతుంది. మా మెషీన్‌లో ఏజెంట్లు, వెబ్ సర్వర్ కూడా ఉన్నాయి కాబట్టి 6 జీబీ దగ్గర ఆగాను. వర్క్ మెమ్ డిఫాల్ట్ 4 ఎంబీ, దీన్ని 32 చేశాను. ఇక్కడ జాగ్రత్త: ఇది సర్వర్ మొత్తానికి కాదు, క్వెరీలో జరిగే ఒక్కో సార్ట్‌కి. ఉత్సాహంగా 1 జీబీ ఇస్తే, పది క్వెరీలు కలిసి మెషీన్‌ని స్వాప్‌లోకి తోసేస్తాయి. మ్యాక్స్ వాల్ సైజ్ 1 జీబీ నుంచి 4 చేస్తే, పెద్ద స్కాన్ మధ్యలో మాటిమాటికీ చెక్‌పాయింట్‌లు పడటం తగ్గింది. ఎస్‌ఎస్‌డీ పెట్టాక ర్యాండమ్ పేజ్ కాస్ట్ 4 నుంచి 1.1కి దించాను. ఏజెంట్ల లిమిట్‌ని మళ్లీ 8కి తెచ్చాను.

బ్రౌజర్ నుంచి పెద్ద ఫైల్ ఎక్కట్లేదంటే అది వేరే కథ, పీహెచ్‌పీ అప్‌లోడ్ లిమిట్‌లు చూడండి. జీబీల సైజు అయితే ఫైల్‌ని సర్వర్‌లోనే పెట్టి అప్‌లోడ్ ఫ్రమ్ సర్వర్ వాడటం హాయి.

ఇక పైసా ఖర్చు లేని స్పీడ్: అక్కర్లేని పని చేయించకపోవడం. కనిపించిన ప్రతి ఏజెంట్‌కీ టిక్ పెట్టేవాళ్లం మేము. కాపీరైట్ ఏజెంట్ ఒక్కటే డేటాబేస్‌ని వరుసలతో నింపేస్తుంది. మొదటి రౌండ్‌కి నోమోస్, మంక్, ఓజో చాలు. గిట్ ఫోల్డర్‌లని వదిలేయమని అప్‌లోడ్ పేజీలోనే ఆప్షన్ ఉంది. ఇంకో మంచి సంగతి, ఒకే ఫైల్ పది చోట్ల ఉన్నా రిపాజిటరీలో ఒక్కసారే ఉంటుంది, స్కాన్ కూడా ఒక్కసారే. అందుకే కొత్త ఫర్మ్‌వేర్ వెర్షన్ ఎక్కిస్తే మారిన ఫైళ్లే స్కాన్ అవుతాయి. పాత అప్‌లోడ్‌లు డిలీట్ చేసి సర్వర్ "క్లీన్" చేసే అలవాటుంటే ఆ లాభం పోయినట్టే.

ఇప్పుడు అసలు దెబ్బ. నెట్‌లో ఎక్కడో చదివి, వీటన్నిటితో పాటు ఎఫ్‌సింక్ ఆఫ్ చేశాను. రాసినది నిజంగా డిస్క్ మీదకి చేరిందో లేదో చూసుకునే పనిని పోస్ట్‌గ్రెస్ మానేస్తుంది. స్పీడ్ బాగా పెరిగింది, నేను కాలర్ ఎగరేశాను. ఒక మధ్యాహ్నం కరెంట్ పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడు చచ్చిందో ఎవరికీ తెలియదు. కరెంట్ వచ్చాక డేటాబేస్ పైకి లేవలేదు.

స్కాన్ పోతే మళ్లీ పెట్టుకోవచ్చు, ఒక రాత్రి పని. కానీ నోమోస్ ఒకటీ మంక్ ఇంకోటీ చెప్పిన చోట, మా టీమ్‌లో ఒకమ్మాయి ఫైల్ తెరిచి, చదివి, ఇది ఫలానా లైసెన్స్ అని నిర్ణయం నమోదు చేస్తూ వచ్చింది. అవన్నీ అదే డేటాబేస్‌లో ఉన్నాయి. మా దగ్గరున్న చివరి బ్యాకప్ 11 రోజుల పాతది. విషయం చెప్తే ఆమె ఏమీ అనలేదు, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి ఫైల్ మళ్లీ తెరిచింది. డెలివరీ వారం వెనక్కి జరిగింది. సగం ఫైళ్లు నేను తీసుకుని ఆమె పక్కనే కూర్చున్నాను.

ఎఫ్‌సింక్ ఇప్పుడు ఆన్‌లోనే ఉంది. దాని బదులు సింక్రనస్ కమిట్ ఆఫ్ చేశాం. కరెంట్ పోతే చివరి సెకను లోపు రాసినవి పోవచ్చేమో గానీ డేటాబేస్ పాడవదు. రోజూ రాత్రి 2 గంటలకి డేటాబేస్ డంప్, రిపాజిటరీ కాపీ రెండూ కలిపి ఇంకో మెషీన్‌కి వెళ్తాయి. ఆ సమయంలో స్కాన్ కాస్త స్లో అవుతుంది, అవనివ్వండి.