పసుపు డబ్బుతో జపాన్ కారు వస్తుందా?

మాఘ ఫాల్గుణ మాసాలలో ఆర్మూరు వైపు వెళ్ళేవారికి పసుపు కంటికి కనబడకముందే ముక్కుకు తెలుస్తుంది. ఉడికించిన కొమ్ములు కళ్ళాలలో ఆరుతూ వుంటాయి. డ్రమ్ములలో వేసి పాలిషు పట్టిన సరుకు సంచులకెక్కి నిజామాబాదు యార్డుకు సాగిపోతుంది. దాదాపు తొమ్మిది నెలల చాకిరీకి ఫలితం ఆ కొద్దిరోజులలో తేలిపోవాలి. ధర కలిసివస్తే ఇంట్లో అమ్మాయి పెళ్ళిమాట వస్తుంది, మిద్దెమాట వస్తుంది. యుక్తవయస్సు కుర్రవాడున్న ఇంట్లో కారు మాట కూడా వస్తుంది.

అటువంటి ఒక ఇంట్లో ఈ సంభాషణ జరిగిందనుకోండి:

"బాపూ, జపాన్‌ల పాత రేసుకార్లు మస్తు చౌకగ దొరుకుతయట. ఒకటి తెప్పిద్దాం. ఇంజన్ అరిగితే తీసేసి ఇంకోటి ఏయిద్దాం."

"ఎడ్లబండికి ఇరుసు మార్చినట్టనుకున్నవా బిడ్డా? సర్కారు ఒప్పుకుంటదో లేదో ముందుగాల అది కనుక్కో."

తండ్రి అడిగినది లక్ష రూపాయల ప్రశ్న. నిజానికి అంతకంటె చాలా ఎక్కువ విలువచేసే ప్రశ్న. దానికి సమాధానం చెప్పుకుందాం.

జపాన్‌లో ఎందుకు చౌక?

జపాన్‌లో కొత్త కారుకు మూడేళ్ళకు, ఆ తరువాత రెండేళ్ళకొకసారి ప్రభుత్వ తనిఖీ తప్పదు. దానిని అక్కడ "షాకెన్" అంటారు. తనిఖీకి, మరమ్మతుకు అయ్యే ఖర్చు చూసి చాలామంది బండి బాగుండగానే అమ్మివేస్తారు. అలా వదిలిన బండ్లు వేలంపాటలకు చేరి, అక్కడినుంచి ఓడలెక్కి దేశదేశాలకు పోతాయి. జపాన్ వారిది కూడా మనలాగే రోడ్డుకు ఎడమప్రక్క నడిచే పద్ధతి. కనుక స్టీరింగు కుడివైపునే వుంటుంది. ఇదంతా చూస్తే ఆ బండి మనకోసమే పుట్టినట్లనిపిస్తుంది.

కాని చట్టం స్టీరింగు ఒక్కటే చూసి ఊరుకోదు, బండి వయస్సు కూడా అడుగుతుంది.

మూడేళ్ళు, ఏభయ్యేళ్ళు

మన విదేశీ వ్యాపార నిబంధనల ప్రకారం దిగుమతి చేసుకునే వాడిన కారు తయారై మూడేళ్ళు దాటకూడదు. స్టీరింగు కుడివైపున వుండాలి. వేగం చూపే మీటరు కిలోమీటర్లలో వుండాలి. ముందు దీపాల వెలుగు ఎడమప్రక్క నడిచే రోడ్డుకు తగినట్లు పడాలి. మరో అయిదేళ్ళయినా రోడ్డు మీద తిరిగే సత్తువ వుండాలి. ఆ బండి దిగవలసిన రేవు ఒక్క బొంబాయి మాత్రమే. ఇవన్నీ సరిపోయినా, బండి విలువకు మించిన సుంకం కట్టాలి. అక్కడ పది రూపాయల బండి ఇక్కడ గడప తొక్కేసరికి ఇరవై దాటుతుందన్నమాట!

ఇక మన కుర్రవాడి మనస్సులో వున్న బండ్లు ఏవి? నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్, టొయోటా సుప్రా, మాజ్డా ఆర్ఎక్స్-7. సినిమాలలో చూసి ముచ్చటపడ్డ ఆ పాత మోడళ్ళ తయారీ మూడింటికీ 2002లోనే ఆగిపోయింది. మూడేళ్ళ గడువు వాటికి ఎప్పుడో తీరిపోయింది.

అయితే మరో ద్వారం వుంది. 1950కి ముందు తయారైన పురాతన వాహనాలకే పరిమితమైన సదుపాయాన్ని 2025లో సడలించి, ఏభై ఏళ్ళు నిండిన బండ్లకు వర్తింపజేశారు. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం అటువంటి బండికి "వీఏ" అన్న అక్షరాలతో వేరే నెంబరు ఇస్తారు. కాని దానిని నిత్యవాడకానికి గాని, కిరాయికి గాని తిప్పకూడదు. ప్రదర్శనలకు, పురాతన వాహనాల పందేలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తీసుకువెళ్ళవచ్చు. 1969లో పుట్టిన మొదటి స్కైలైన్ జీటీ-ఆర్‌కు ఈ ద్వారం తెరిచే వుంది. 2002 నాటి బండికి మాత్రం 2052 దాకా ఆగాలి. అప్పటికి మన కుర్రవాడి కొడుకు కారు అడుగుతూ వుంటాడు.

అమెరికాలో వున్న మేనమామ కొడుకు ఇదే బండి కొనగలడు. అక్కడ తయారై పాతికేళ్ళు నిండిన కారుకు వారి కేంద్ర భద్రతా ప్రమాణాల నుండి మినహాయింపు వుంది. "వాడికి దొరికింది, నాకెందుకు దొరకదు?" అంటే, వాడున్నది వేరే చట్టం కింద అన్నదే జవాబు.

గల్ఫు నుండి తేవచ్చునా?

నిజామాబాదు జిల్లా పల్లెలలో దుబాయి, మస్కట్, సౌదీ వెళ్ళినవారు లేని వాడ అరుదు. అక్కడ ఏళ్ళ తరబడి జపాన్ బండ్లు నడిపి, వాటి గట్టిదనం స్వయంగా ఎరిగినవారు వున్నారు. తిరిగి వచ్చేటప్పుడు ఒక బండి తెచ్చుకుందామనిపించడం సహజమే. కాని గల్ఫు దేశాలలో రోడ్డుకు కుడిప్రక్కన నడుస్తారు. అందువల్ల స్టీరింగు ఎడమవైపున వుంటుంది. బండి వెనక్కి రావడానికి అదే మొదటి అడ్డంకి.

ఈ అడ్డంకిని తప్పించబోయి చిక్కుల్లో పడ్డవారున్నారు. 2025 మే నెలలో హైదరాబాదు కార్ల వ్యాపారి ఒకరిని రెవెన్యూ ఇంటెలిజెన్సు అధికారులు అరెస్టు చేశారు. అమెరికా, జపాన్ కార్లను దుబాయి, శ్రీలంకల మీదుగా మళ్ళించి, దారిలో ఎడమ స్టీరింగును కుడికి మార్పించి, విలువ తగ్గించి చూపి సుంకం ఎగవేశారని అధికారుల ఆరోపణ. అదే సంవత్సరం సెప్టెంబరులో కేరళలో కస్టమ్సువారు భూటాన్ మీదుగా వచ్చిన పాత బండ్ల కోసం సోదాలు జరిపారు. సినిమా నటుల ఇళ్ళు కూడా తప్పలేదు.

ఇందులో గృహస్థు గమనించవలసిన సంగతి ఒకటుంది. తెచ్చినవాడు ఒకడైనా, పట్టుబడేనాటికి బండి ఎవరి వాకిట్లో వుంటే వారి గుమ్మానికే అధికారులు వస్తారు. అక్రమంగా దిగుమతి అయిన సరుకును జప్తు చేసే అధికారం కస్టమ్సు చట్టంలో వుంది. "నేను డబ్బిచ్చి కొన్నాను" అన్నంత మాత్రాన బండి దక్కుతుందన్న హామీ లేదు.

ఇంజను మార్పిడి

సరే, విదేశీ బండి వద్దు. ఇక్కడి కారులోనే జపాన్ ఇంజను బిగిస్తే?

రైతుకు ఇంజను మార్చడం వింత కాదు. బావి దగ్గర నీళ్ళు తోడిన ఇంజనును మరో పనికి తిప్పుకుంటే అడిగేవారు లేరు. కాని రోడ్డెక్కే బండికి జాతకచక్రం వంటి రిజిస్ట్రేషను పత్రం వుంది. అందులో ఛాసిస్ నెంబరు, ఇంజను నెంబరు రాసి వుంటాయి. దొంగసొత్తు పట్టుకోవడానికి, పొగ కొలతలు నిర్ణయించడానికి, ప్రమాదం జరిగితే బాధ్యత తేల్చడానికి ఆ నెంబర్లే ఆధారం.

1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెప్పేది ఇది: తయారుచేసినవారు మొదట ఇచ్చిన వివరాలకు, పత్రంలోని వివరాలకు తేడా వచ్చేటట్లు యజమాని బండిని మార్చకూడదు. కేరళ నుండి వచ్చిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ మాటనే గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం సవరించిన చట్టంలో, అనుమతిలేని ప్రతి మార్పుకు అయిదువేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చునన్నారు.

అయితే ఇంజను పాడైతే బండిని పారవేయాలా? అక్కరలేదు. అదే కంపెనీ, అదే రకం ఇంజను వేసుకుని, రవాణా అధికారుల అనుమతితో కొత్త నెంబరు పత్రంలో ఎక్కించుకోవచ్చు. మార్పు జరిగిన పద్నాలుగు రోజులలో తెలియజేయాలని చట్టం గడువు పెట్టింది. కొన్న ఇంజనుకు రసీదు తప్పక దాచుకోవాలి. ఆమోదించిన కిట్టుతో గ్యాసుకు, బ్యాటరీకి మార్చుకోవడానికి కూడా దారి వుంది. చిన్నకారులో రెండింతల బలమున్న ఇంజను ఇరికించడం మాత్రం ఈ దారిలోకి రాదు. పైగా విదేశాల నుండి వాడిన ఇంజను తెప్పించాలంటే, యంత్రసామగ్రి కాని పాత సరుకుకు దిగుమతి లైసెన్సు కావాలి.

ఇంకొక మాట భీమా గురించి. మార్పు సంగతి కంపెనీకి చెప్పకుండా దాస్తే, ప్రమాదం జరిగిననాడు పరిహారం దగ్గర పేచీ వస్తుంది. ఆర్మూరు దగ్గర 44వ, 63వ జాతీయ రహదారులు కలుస్తాయి. లారీల రద్దీ ఎంతో అక్కడివారికి చెప్పనక్కరలేదు. పాత బ్రేకులున్న బండికి కొత్త బలం తగిలిస్తే ఆపేదెలా? చట్టం అడిగేదీ, తల్లి అడిగేదీ ఇక్కడ ఒకటే ప్రశ్న.

జపాన్ గుండె మనకు కొత్త కాదు

ఈ మార్పిడిని కంపెనీలే సక్రమంగా చేసిన రోజులున్నాయి. 1980లలో వచ్చిన ప్రీమియర్ 118 ఎన్ఇ ఇటలీ ఫియట్ శరీరంలో జపాన్ నిస్సాన్ ఇంజను పెట్టుకున్నదే. 1990లలో మన అంబాసిడర్ కూడా ఇసుజు ఇంజనుతో పరుగెత్తింది. అంతదూరం ఎందుకు? 1980లలో జహీరాబాదులో ఆల్విన్‌వారు నిస్సాన్‌తో కలిసి చిన్న లారీలు తయారుచేశారు. తెలంగాణా గడ్డమీదనే జపాన్ బండి పుట్టిందన్నమాట. అయితే ఆ పనులన్నీ పరీక్షలు జరిగి, ఆమోదం పొంది, కాగితాల మీద ఎక్కిన తరువాతనే రోడ్డెక్కాయి.

కనుక అబ్బాయి ముచ్చటను కసిరికొట్టనక్కరలేదు. ఇక్కడ రిజిస్టరైన బండినే కొనమనండి. కొనేముందు ఛాసిస్ నెంబరు, ఇంజను నెంబరు పత్రంతో సరిపోయాయో లేదో తండ్రీకొడుకులు ఇద్దరూ వంగి చూడండి. విదేశీ బండి అయితే సుంకం కట్టిన కస్టమ్సు పత్రం అడగండి. అమ్మేవాడు "అదంతా తరువాత చూద్దాం" అంటే లేచి వచ్చేయండి.

పసుపుకొమ్మును కొనేవాడు విరిచి, లోపలి రంగు చూసిగాని ధర చెప్పడు. ఆ జాగ్రత్త అమ్మిన డబ్బు ఖర్చుపెట్టేటప్పుడు కూడా వుంటే, బండి వాకిట్లోనే వుంటుంది, ఇంటిల్లిపాదీ నిశ్చింతగా నిద్రపోతారు.