కంప్యూటరునకు అదనపు వారంటీ కొనదగునా?

చీర కొనునపుడు అంచును వెలుతురునకు పట్టి చూతుము. బియ్యము కొనునపుడు రెండు గింజలు నోట వేసికొని కొఱికి చూతుము. బేరమాడుట మన గృహిణులకు ఒకరు నేర్పవలసిన విద్య కాదు. అట్టి మనమే, పిల్లల చదువునకై ల్యాప్‌టాప్ కొనుటకు అంగడికి బోయి, బేరము ముగిసి, సొమ్ము చెల్లించు తరుణమున అంగడివాడు “ఇంకో రెండేళ్ళ వారంటీ కూడా తీసుకోండమ్మా, ఐదు వేలే” అనగానే ఏమియు తోచక నిలిచిపోవుచున్నాము. 50,000 రూపాయలు వెచ్చించిన చేతికి మఱి 5,000 చిన్నవిగనే దోచును. ఇంటికి వచ్చిన పిమ్మట ఆ 5,000 ఎన్నినాళ్ల కూరగాయల వెలయో జ్ఞప్తికి వచ్చును.

ఈ అదనపు వారంటీ యనునది యేమి? మన దేశమున విక్రయింపబడు ల్యాప్‌టాపులకు తయారుచేసినవారు సాధారణముగా ఒక సంవత్సరము పూచీ నిత్తురు. ఆ కాలములో యంత్రము తనంత తాను చెడినచో ఉచితముగా బాగుచేయుదురు. ఆ సంవత్సరము గడచిన తరువాతి కాలమునకు వేఱుగ వెల కట్టి అమ్మునదే అదనపు వారంటీ. ఇది బహుమానము కాదు. స్వభావమును బట్టి చూచిన భీమా వంటిది. నూర్గురు చెల్లింతురు, కొందఱి యంత్రములే చెడును. చెడనివారి సొమ్ముతో చెడినవారివి బాగుచేయుదురు. దానిలోనుండియే అంగడివాని కమీషనును, సంస్థవారి లాభమును రావలయును గదా!

లెక్క వేసి చూతము. 2009వ సంవత్సరమున అమెరికాలో స్క్వేర్‌ట్రేడ్ అను సంస్థ 30,000 ల్యాప్‌టాపులను పరిశీలించి, మూడేండ్లలో నూటికి 31 చెడుచున్నవని ప్రకటించెను. అందు సుమారు 20 లోపలి దోషములచేతను, తక్కిన 11 క్రింద పడుటచేతను, ద్రవములు ఒలుకుటచేతను చెడినవి. ఈ సంస్థ స్వయముగా ఇట్టి వారంటీల నమ్మునది గనుక, చెడువాని సంఖ్యను తగ్గించి చెప్పవలసిన యవసరము దానికి లేదు. ఇపుడు నూఱు కుటుంబములు తలకొక 5,000 చెల్లించినవని యనుకొందము. మొత్తము 5,00,000 రూపాయలు. ఆ 20 యంత్రములును తయారీదారుని పూచీ ముగిసిన తరువాతనే చెడినవనియు, ఒక్కొక్క దానికి 12,000 వ్యయమగుననియు వేసికొన్నను 2,40,000 మాత్రమే యగును. నిజమునకు వానిలో కొన్ని మొదటి యేటనే చెడును. వాని వ్యయము తయారీదారునిదే. సగమునకు పైగా సొమ్ము అమ్మినవారి చెంతనే మిగులుచున్నది.

ఈ వ్యాపారమును గూర్చి బ్రిటనులో 2003వ సంవత్సరమున పోటీ కమిషను విచారణ జరిపి, విద్యుత్పరికరముల అదనపు వారంటీల విషయమున కొనువారికి న్యాయమైన పోటీవలని మేలు కలుగుట లేదని తేల్చినది. 2005లో అచటి ప్రభుత్వము ఒక యుత్తరువు చేసెను. దాని ననుసరించి వారంటీ వెలను వస్తువు వెల ప్రక్కనే కనుపఱచవలయును. కొన్నవారు 45 దినములలో మనసు మార్చుకొన్నచో, అంతలో మరమ్మతు కోరియుండనిచో, సొమ్మంతయు తిరిగి ఈయవలయును. అంగడిలో నిలువబడి తొందరపాటున చేసిన నిర్ణయము కొనువారికి హాని యని వారు గ్రహించిరన్నమాట. మనకును తొందర యక్కఱలేదు. పెక్కుమంది తయారీదారులు తమ మొదటి పూచీ ముగియులోపల నెప్పుడైనను పొడిగింపును అమ్ముదురు. కొందఱు 60 దినములు మాత్రమే గడువిత్తురు. ఆ గడువును అడిగి తెలిసికొని ఇంటికి వచ్చి, కాగితము చదువుకొని, నెమ్మదిగ నిర్ణయింపవచ్చును.

అట్లని యెవ్వరును కొనరాదని మా యభిప్రాయము కాదు. నూర్గురి లెక్క వేఱు, ఒక యింటి స్థితి వేఱు. చీటీ పాడి, ఆ సొమ్ముతో ఇంజనీరింగు చదువు కూతునకు ల్యాప్‌టాప్ కొనియిచ్చిన తల్లిని తలచుకొనుడు. రెండవ యేట మదరుబోర్డు కాలినచో పదునైదు వేలు ఒక్కమాఱుగ తెచ్చుట ఆమెకు సాధ్యము కాదు. అప్పు చేయవలయును, లేదా పిల్ల పరీక్షలనాటికి యంత్రము లేక యుండవలయును. అట్టి యిల్లాలు 5,000 ఇచ్చి కొనుచున్నది లాభమును గాదు, అప్పులేని నిద్రను. లెక్క ప్రకారము నష్టమేయైనను ఆమె చేయు పని తెలివితక్కువ కాదు. మదరుబోర్డు పోయినను మఱునాడే మఱొకటి తేగల యింటివారికి మాత్రము ఈ వ్యయ మనవసరము.

అయితే ఆమె భయపడునదియు, కాగితము కాచునదియు ఒక్కటియేనా? ఇక్కడనే మన సోదరీమణులు ఎక్కువగా మోసపోవుచున్నారు. సాధారణపు పొడిగింపు యంత్రము తనంత తాను చెడిననే వర్తించును. బస్సులో సంచి జాఱి పడినను, పసివాడు పాలు ఒలకబోసినను వర్తింపదు. వానికి ప్రమాదరక్షణ యని వేఱొక పథకము, వేఱొక వెల. బ్యాటరీకి, మూడేండ్ల వారంటీ కొన్నను, పలుచోట్ల ఒక్క యేడాదియే పూచీ. కరెంటు హెచ్చుతగ్గులవలన కాలినను, చీమలు, బొద్దింకలు లోపల దూఱి పాడుచేసినను తమ బాధ్యత లేదని కొన్ని షరతులలో ఉండును. మన యిండ్లలో చీమ దూఱని వస్తువేది? వీధి చివరి మెకానిక్కు ఒక్కమాఱు మూత విప్పినచో చాలు, మొత్తము పూచీయే పోవుటయు కలదు. రోజును కళాశాలకు మోసికొనిపోవు పిల్లకు ప్రమాదరక్షణ లేని పొడిగింపు సగము గొడుగు వంటిది. కొనదలచినచో అదియు చేరియున్నదానిని, అందును తయారీదారుడు నేరుగ అమ్మునదానిని కొనుట మేలు. వేఱొక సంస్థ యిచ్చునదైనచో, బాగుచేయుచోటు మీ యూరనున్నదా, మనిషి యింటికి వచ్చునా, లేక యంత్రమును మీరే విజయవాడకో హైదరాబాదుకో పంపుకొనవలయునా యని అడుగుడు.

అంగడివాడు “ఏం జరిగినా మాదే పూచీ” యనును. “ఆ మాటను బిల్లుమీద వ్రాసి సంతకము చేయుము” అనుడు. ఒక్క క్షణములో మాట మాఱుట చూతురు.

వారంటీ వలదనుకొన్నవారు ఆ 5,000 లను కలిపి వాడుకొనక, మన పెద్దలు పోపులపెట్టెలో దాచినట్లు వేఱుగ నుంచవలయును. బ్యాంకులో వేసిన నింకను మంచిది. కంప్యూటరు చెడనిచో ఆ సొమ్ము మీదియే. తరువాత మిక్సీ చెడినను, ఫ్రిజ్జు చెడినను అదే ఆదుకొనును. కాగితపు వారంటీ కంప్యూటరును విడిచి మఱొకదానిని తాకదు.

ఇంకొక మాట. ఏ వారంటీయు లోపలి ఫోటోలను, పిల్లల వ్రాతలను తిరిగి తెచ్చియీయదు. డిస్కు పోయినచో క్రొత్త డిస్కు నిత్తురు, అంతే. అందువలన వేఱొక డిస్కులో ప్రతి నెలయు ఒక నకలు తీసి యుంచుట వారంటీకంటె ముందు చేయవలసిన పని.

పూచీ యున్నను బాగుచేయక త్రిప్పించుకొనువారి విషయమున మనము నిస్సహాయులము కాము. 2020 జూలైలో అమలులోనికి వచ్చిన 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము ననుసరించి, కొన్నచోట గాక మనము నివసించు జిల్లా కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చును. 5,00,000 రూపాయలలోపు వెలగల కొనుగోలునకు రుసుము లేదు; వకీలును పెట్టుకొనుట తప్పనిసరి కాదు; తగవునకు కారణము పుట్టిన రెండేండ్లలో వేయవలయును. అంతకు ముందుగ 1915 అను జాతీయ సహాయసంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే చెప్పుకొనవచ్చును. దేనికైనను బిల్లు కావలయును. ఇప్పటి అంగళ్లలో యంత్రము ముద్రించి యిచ్చు నున్నని చీటీలమీది యక్షరములు కొన్ని నెలలకే వెలిసి తెల్లకాగితము మిగులుచున్నది. కనుక కొన్ననాడే దానికి ఫోటో తీసి, యంత్రము అడుగుననున్న సీరియల్ సంఖ్యతో గూడ ఇంటి పద్దుల పుస్తకమున వ్రాసి యుంచుడు.