స్కాన్‌లో కనపడని దెబ్బ

కాలు విరిగితే కట్టు కనపడుతుంది. జ్వరమొస్తే థర్మామీటర్ చెప్తుంది. కంకషన్‌కి అలాంటి సాక్ష్యం ఏదీ ఉండదు. మనిషి మామూలుగానే కనిపిస్తాడు, లోపల మాత్రం ఓల్టేజీ తగ్గిన బల్బులా ఉంటుంది. "నీకేంటి, బానే ఉన్నావుగా!" అంటే ఏం చెప్పాలో తెలీదు.

షికాగో శివార్లలో జనవరి అంటే తెలిసిందే. మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో బ్లాక్ ఐస్ మీద జారి వెనక్కి పడ్డాను. తల నేలకి తగిలింది, స్పృహ మాత్రం తప్పలేదు. ఎమర్జెన్సీలో సీటీ స్కాన్ తీసి నార్మల్ అన్నారు. గ్లాస్గో స్కేల్ మీద 15కి 15. 1974లో వచ్చిన ఆ కొలతలో 13 నుంచి 15 దాకా ఉంటే "మైల్డ్" కింద లెక్క. ఆ మాట దెబ్బ ఆ పూట ఎలా ఉందో చెప్తుంది కానీ, ఎన్నాళ్ళు వేధిస్తుందో చెప్పదు.

మరి స్కాన్ ఎందుకు నార్మల్? సీటీ చూసేది రక్తస్రావం, ఎముక విరగడం లాంటివి. కంకషన్‌లో గొడవంతా కణాల పనితీరులో. ఆ కుదుపుకి కణాల్లోంచి పొటాషియం బయటికి, బయటి కాల్షియం లోపలికి పోతాయి. వాటిని సర్దుకోడానికి మెదడుకి మామూలు కంటే ఎక్కువ శక్తి కావాలి. సరిగ్గా అప్పుడే దానికి రక్తప్రసరణ తగ్గుతుంది. మా భాషలో చెప్పాలంటే సర్వర్ పడిపోలేదు, లోడు పెరిగింది, కరెంటు తగ్గింది.

పెద్దవాళ్ళలో చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. నాకు నెల దాటినా తల దిమ్ముగానే ఉంది. స్క్రీన్ మీద కోడ్ పైకీ కిందికీ జరిపితే వికారం. ఇండియన్ స్టోర్‌లో ట్యూబ్‌లైట్లు, అరల నిండా ప్యాకెట్లు చూస్తే కళ్ళు తిరగడం. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఒక్క ముక్క ఎక్కదు. అన్నిటికంటే కష్టం, మా ఆరేళ్ళ పాపకి రాత్రిపూట తెలుగు కథ చదవలేకపోవడం. నాలుగు లైన్లకే వత్తులు కింది లైన్లోకి దిగిపోయినట్టుండేది. దీనికి తోడు వీసా భయం. హెచ్‌1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే మహా అయితే 60 రోజుల గడువు. సెలవు అడగాలంటే గొంతు ఎందుకు ఎండిపోతుందో ఇక్కడున్న వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

"చీకటి గదిలో కదలకుండా పడుకో నాన్నా" అని అమ్మ ఫోన్లో రోజూ పోరు. ఒకప్పుడు డాక్టర్లూ అదే చెప్పేవారు. 2015లో అమెరికాలో 11-22 ఏళ్ళవాళ్ళ మీద చేసిన ఒక అధ్యయనంలో, ఒకటి రెండు రోజులు విశ్రాంతి తీసుకున్నవాళ్ళ కంటే ఐదు రోజులు పూర్తిగా పడుకున్నవాళ్ళే ఎక్కువ బాధలు చెప్పారు. ఆటగాళ్ళ కంకషన్ల మీద 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన సదస్సు కూడా రెండు రోజుల లోపే నెమ్మదిగా నడక మొదలుపెట్టమంది.

నా ఫిజికల్ థెరపిస్టు పెట్టిన సూత్రం చాలా సింపుల్. బాధకి పదికి మార్కులు వేసుకో. ఏ పని చేసినా అది రెండు మార్కులకి మించి పెరగకూడదు, పెరిగింది గంటలోపు దిగాలి. దిగితే ఆ పని కొనసాగించు, దిగకపోతే రేపు కొంచెం తగ్గించు. ట్రెడ్‌మిల్ మీద నడక, మెడకి వ్యాయామాలు. బొటనవేలు ఎదురుగా పెట్టుకుని, చూపు దాని మీదే ఉంచి తల అటూ ఇటూ తిప్పడం. స్క్రీన్ ముందు మొదట 10 నిమిషాలు, తర్వాత 15. అన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకునేవాణ్ణి. రోజువారీ చూస్తే ఆ లెక్క వైకుంఠపాళీయే. పాప పుట్టినరోజు హడావిడికి రెండు రోజులు పాము నోట్లో పడ్డాను. వారాలవారీగా చూస్తే మాత్రం నిచ్చెనలే ఎక్కువ.

ఇది నాలుగో నెల. పూర్తి రోజు పని చేస్తున్నాను. సాయంత్రానికి ఇంకా తల బరువెక్కుతుంది. పాపకి కథలో రెండు పేజీలు నేను చదువుతాను, మూడోది తను కూడబలుక్కుంటుంది.

తలకి దెబ్బ తగిలాక వాంతులు ఆగకపోయినా, తలనొప్పి పెరుగుతున్నా, మగతగా ఉండి లేపినా లేవకపోయినా, ఫిట్స్ వచ్చినా, ఒక పక్క బలహీనమైనా ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి వెళ్ళాలి. అవేవీ లేక, స్కాన్ నార్మల్ అని ఇంటికొచ్చినవాళ్ళు మీకు తెలిసినవాళ్ళలో ఉంటే, "ఇంకా తగ్గలేదా?" అనకండి. "ఇవాళ ఎంతసేపు చదవగలిగావు?" అని అడగండి. దానికైతే జవాబు ఉంటుంది.