గోడకు గాటు పెట్టి క్షయను లేపే ప్రోటీన్

మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ ఏజెన్సీ మండలంలోనైనా, హైదరాబాద్ ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలోనైనా టీబీ రోగికి చెప్పే మాట ఒక్కటే: దగ్గు తగ్గిందని మాత్రలు మానొద్దు. మామూలు టీబీకి మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాతి నాలుగు నెలలు మూడు మందులు. మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకే చాలామందికి జ్వరం దిగుతుంది, ఆకలి పుడుతుంది, ఒంట్లో సత్తువ వస్తుంది. అలాంటప్పుడు మిగిలిన నెలలన్నీ మాత్రలు ఎవరి కోసం? చాలావరకు, ఊపిరితిత్తుల్లో కదలకుండా పడుకున్న క్రిముల కోసం. ఐసోనియాజిడ్ లాంటి మందు కొత్త గోడ కట్టుకుంటూ పెరిగే క్రిమిని తేలిగ్గా చంపుతుంది. పెరగడం ఆపేసి పడుకున్న క్రిమి దగ్గర ఆ మందు పప్పులు ఉడకవు.

ఆ నిద్ర ఎంతకాలమైనా సాగవచ్చు. డెన్మార్క్‌లో ఒక తండ్రికి 1961లో క్షయ వచ్చింది. 1994లో కొడుకుకు వచ్చింది. భద్రపరిచిన తండ్రి నమూనాలోని క్రిమిని, కొడుకులో దొరికిన క్రిమిని పోల్చి చూస్తే రెండింటి డీఎన్‌ఏ ముద్ర సరిపోయింది. అంటే 33 ఏళ్లు ఆ క్రిమి కొడుకు ఒంట్లో చప్పుడు చేయకుండా ఉంది. మన దగ్గర మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానిటోరియం 1915లో మొదలైంది. అప్పటికి క్షయకు మందు లేదు. విశ్రాంతి, మంచి గాలి, మంచి తిండి, అంతే వైద్యం. బాగైందనుకున్న జబ్బు ఏళ్ల తర్వాత తిరగబెట్టడం ఆ కాలపు వైద్యులకు తెలియని సంగతి కాదు. పడుకున్న క్రిమిని లేపేదేమిటో మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు.

జవాబు తొలి ముక్క టీబీ క్రిమిలో దొరకలేదు. మనుషుల చర్మం మీద హాయిగా బతికే మైక్రోకాకస్ లూటియస్ అనే పసుపుపచ్చ బ్యాక్టీరియాలో దొరికింది. మాస్కోలో ఆర్సెనీ కప్రెల్యాంట్స్, గలీనా ముకమొలొవా, వేల్స్‌లో డగ్లస్ కెల్, మైకేల్ యంగ్ దానితో పనిచేశారు. ఈ బ్యాక్టీరియాను నెలల తరబడి పస్తు పెడితే చాలా కణాలు మొద్దుబారిపోతాయి. తర్వాత ఎంత మంచి ఆహారం పెట్టినా పెరగవు. కానీ చురుగ్గా పెరుగుతున్న బ్యాక్టీరియా ఉన్న ద్రవాన్ని వడగట్టి, క్రిములు లేని ఆ నీటిని కలిపితే మళ్లీ విభజన మొదలుపెడతాయి. ఆ నీటిలో ఉన్న మహిమ ఏమిటా అని శుద్ధి చేస్తూ పోతే చివరికి ఒకే ఒక ప్రోటీన్ మిగిలింది. 1998లో దాని గురించి ప్రకటించి, పునరుజ్జీవన కారకం అని అర్థం వచ్చేలా పేరు పెట్టారు, పొట్టిగా ఆర్‌పీఎఫ్. లీటరు ద్రవంలో గ్రాములో కోటి వంతు కూడా లేని మోతాదులో అది పనిచేసింది.

అదే 1998లో టీబీ క్రిమి జన్యుపటం మొత్తం వెలువడింది. అందులో వెతికితే ఆర్‌పీఎఫ్‌కు తోబుట్టువులు ఒకటి కాదు, ఐదు కనిపించాయి. వాటికి ఎ నుంచి ఇ దాకా అక్షరాలు తగిలించారు.

ఇంత కొంచెంతో ఇంత పని చేస్తుంటే, ఇది మన ఒంట్లోని హార్మోన్‌లా సందేశం మోసే అణువు అయి ఉంటుందని మొదట అనుకున్నారు. 2005లో ఆర్‌పీఎఫ్‌బిలోని పనిచేసే భాగం ఆకారం బయటపడేసరికి కథ అడ్డం తిరిగింది. అది లైసోజైమ్‌ను పోలి ఉంది. లైసోజైమ్ అంటే మన కన్నీళ్లలో, చీమిడిలో, కోడిగుడ్డు తెల్లసొనలో ఉండే ఎంజైమ్. బ్యాక్టీరియా గోడను తెగ్గొట్టి చంపుతుంది. అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1922లో దాన్ని లోకానికి చెప్పింది కూడా ఈ మైక్రోకాకస్ కరిగిపోవడం చూసే. శత్రువు చేతిలో తనను చంపిన ఆయుధం లాంటిదాన్నే ఈ బ్యాక్టీరియా తన నిద్ర వదిలించుకోవడానికి వాడుతోందన్నమాట.

ఐదింటిలో బాగా పరిశోధించినది ఆర్‌పీఎఫ్‌బి. 362 అమినో ఆమ్లాల గొలుసు. ఒక కొన కణపు పొరకు అతుక్కుని ఉంటుంది. అక్కడి నుంచి మూడు చిన్న భాగాలు, ఆ తర్వాత జీ5 అనే భాగం వరుసగా గోడవైపు సాగుతాయి. చివర కోత పెట్టే తల. ఆ తలలో ఒక పొడవాటి గాడి ఉంటుంది. గోడలోని చక్కెరల గొలుసు అందులోకి వచ్చి కూర్చుంటుంది. 292వ స్థానంలో ఉన్న గ్లుటమేట్ అనే అమినో ఆమ్లం రెండు చక్కెరల మధ్య బంధాన్ని తెంచుతుంది. ఇలాంటి గ్లుటమేట్‌ను మార్చేస్తే కోత మందగిస్తుంది, దాంతోపాటు లేపే శక్తీ తగ్గుతుంది. కోత వేరు, లేపడం వేరు కాదని తేల్చింది ఈ ప్రయోగాలే.

గోడను కోస్తే క్రిమి చావాలి గదా, లేవడమేమిటి? ఉన్న ఇంటికి ఇంకో గది కలపాలంటే ముందు ఒకచోట గోడ పగలగొట్టాల్సిందే. బ్యాక్టీరియా గోడ ఒకే ముక్కగా అల్లిన పెద్ద వల. చక్కెరల గొలుసులు నిలువునా, వాటిని కలిపే పెప్టైడ్ ముడులు అడ్డంగా ఉంటాయి. కొత్త పోగు చేర్చాలంటే పాత ముడి విప్పాలి. ఈ సంగతిని ఇ.కోలై బ్యాక్టీరియాలో తేల్చి చెప్పింది హైదరాబాద్ సీసీఎంబీలో మంజులారెడ్డి బృందం. ముడులు విప్పే మూడు ఎంజైములనూ లేకుండా చేస్తే గోడ పెరగదని, కణం బతకదని 2012లో వారు చూపించారు. బ్యాక్టీరియా గోడల మీద చేసిన కృషికి ఆమె 2019లో ఇన్ఫోసిస్ బహుమతి అందుకున్నారు.

టీబీ క్రిమిలోనూ కోతకు జోడీ ఉంది. ఆర్‌పీఎఫ్‌బి గొలుసును తెంచితే, రిప్‌ఎ అనే మరో ఎంజైమ్ పెప్టైడ్ ముడిని విప్పుతుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని, కణం రెండుగా విడిపోయే చోట పనిచేస్తాయని 2007లో గుర్తించారు. విడివిడిగా కంటే కలిసినప్పుడు కోత జోరు ఎక్కువ. కోతలో రాలిన ముక్కలు కూడా వృథా పోవు. క్రిమి పొరలో ఉండే పీకేఎన్‌బి అనే ప్రోటీన్ బయటికి చాచిన భాగంతో అలాంటి ముక్కలను పట్టుకోగలదు. పెరుగుదలను నడిపించే ప్రోటీన్లలో అదొకటి. మొదట సందేశ అణువు అనుకున్న ఊహ అలా వేరే దారిలో తిరిగి వచ్చింది.

ఎలుకల్లో చేసిన ప్రయోగాలు దీని ప్రాముఖ్యాన్ని తూకం వేశాయి. ఆర్‌పీఎఫ్‌బి ఒక్కటి తీసేస్తే, అణగి ఉన్న జబ్బు మళ్లీ తలెత్తడం ఆలస్యమైంది. 2008లో ఐదింటినీ తీసేసి చూశారు. క్రిమి ప్రయోగశాలలో మామూలుగానే పెరిగింది. కానీ నిద్రావస్థకు నెట్టాక తనంతట తాను లేవలేకపోయింది, ఎలుకల్లో దాని ఉధృతీ తగ్గింది. పెరగడానికి ఈ ఐదూ తప్పనిసరి కాదు, లేవడానికి కావాలి.

2010లో వెలువడిన మరో పరిశోధన నేరుగా రోగుల గళ్లను పరీక్షించింది. చికిత్స మొదలుకాని చాలా నమూనాల్లో, ఆర్‌పీఎఫ్ కలిపితే తప్ప పెరగని క్రిములే అత్యధికంగా ఉన్నాయి. మామూలు కల్చర్ పరీక్ష ఇలాంటివాటిని లెక్కలోకి తేలేదు. టీబీ నిర్ధారణకు వాడే సీబీనాట్, ట్రూనాట్ యంత్రాలు క్రిమి డీఎన్‌ఏను వెతుకుతాయి గనుక నిద్రలో ఉన్న క్రిమినీ పసిగడతాయి. అయితే చచ్చిన క్రిమి డీఎన్‌ఏ కూడా వాటికి అలాగే కనిపిస్తుంది.

ఇక ఈ ప్రోటీన్‌ను మందుకు గురిగా వాడుకోవడంలో రెండు ఎత్తుగడలున్నాయి. ఒకటి, ఆర్‌పీఎఫ్ గాడిని మూసేసి క్రిమిని నిద్రలోనే ఉంచడం. అందుకు పనికొచ్చే కొన్ని రసాయనాలను 2009 నుంచీ ప్రయోగశాలల్లో పరీక్షిస్తున్నారు. రెండోది దీనికి పూర్తిగా ఎదురు: కావాలనే లేపి, పెరగడం మొదలెట్టగానే మందుతో కొట్టడం. ఇందులో ప్రమాదం ఉంది. దేశంలో 2019–21 టీబీ సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటినవారిలో దాదాపు 31 శాతం మందిలో ఈ ఇన్ఫెక్షన్ ఉంది. వారిలో అత్యధికులకు జీవితాంతం జబ్బే రాదు. లేపాక మందు పనిచేయకపోతే, లేని జబ్బును తెచ్చిపెట్టినట్టవుతుంది. అందుకే ప్రస్తుతానికి రోగి ఇంట్లోవారికి ఇచ్చే నివారణ చికిత్స పాత మందులతోనే నడుస్తోంది: ఆరు నెలలు రోజూ ఐసోనియాజిడ్, లేదా వారానికోసారి చొప్పున 12 వారాలు ఐసోనియాజిడ్, రిఫాపెంటిన్ కలిపి.