ఛార్జింగ్ బండి – మన జాగ్రత్త

మన తాడేపల్లికి కృష్ణ అవతలే విజయవాడ. 2022 ఏప్రిల్‌లో అక్కడ ఒకాయన ఛార్జింగ్ బండి బ్యాటరీని పడకగదిలో ప్లగ్గుకి పెట్టి పడుకున్నాడు. తెల్లవారుజామున అది పేలి ఆయన చనిపోయాడు. భార్యాపిల్లలు గాయపడ్డారు.

ఎందుకు పేలుతుంది? లిథియం సెల్ లోపల రెండు పలకల మధ్య పల్చని ప్లాస్టిక్ పొర ఉంటుంది. దెబ్బ తగిలినా, ఛార్జింగ్ మితిమీరినా అది పాడై సెల్ కాగిపోతుంది. ఒకటి కాగితే పక్కదీ అంటుకుంటుంది, పత్తి కుప్పలో నిప్పురవ్వ పడ్డట్టే.

సెలవుల్లో మా మామయ్య బండి గుమ్మం పక్కనే ఛార్జింగ్‌లో ఉండటం చూశాను. "అంటుకుంటే ఎటు పోతాం మామయ్యా?" అన్నాను. మర్నాడే ఆరుబయట నీడకి మార్చాడు.

కనుక నిద్రపోయేటప్పుడు ఛార్జింగ్ వద్దు. వేరే బండి ఛార్జరు వాడొద్దు. ఉబ్బిన బ్యాటరీని ముట్టుకోవద్దు.

వార్డెన్ సార్లకు మనవి: డార్మిటరీ గుమ్మం దగ్గర ఏ బండికీ ఛార్జింగ్ పెట్టనివ్వకండి. లోపల మేం నిద్రపోతుంటాం.