నిప్పురవ్వకు ముహూర్తం

పాత అంబాసిడర్ ఘాట్ రోడ్డెక్కలేక మొరాయిస్తే మొదట తిట్లు తినేది కార్బురేటర్. విప్పుతారు, పెట్రోలుతో కడుగుతారు, బిగిస్తారు. బండి మళ్ళీ అలాగే మిస్ అవుతుంది. చాలాసార్లు అసలు దోషి ఇంజన్ పక్కనే నల్లటి క్యాప్ కింద నిక్షేపంగా ఉంటుంది. అదే డిస్ట్రిబ్యూటర్.

పెట్రోలు ఇంజన్‌ను పుట్టినప్పటి నుంచీ ఏడిపించింది నిప్పే. కార్ల్ బెంజ్ బ్యాటరీనీ కాయిల్‌నూ నమ్ముకున్నాడు. డైమ్లర్ ఎర్రగా కాల్చిన గొట్టంతో ఇంధనం అంటించాడు. రవ్వ ఎప్పుడు పడాలన్నది చాలాకాలం డ్రైవరు చేతి పనే. ఫోర్డ్ మోడల్-టీ స్టీరింగ్ కింద ఎడమవైపు అందుకోసమే ఒక లివర్ ఉండేది. స్టార్ట్ చేసేటప్పుడు రవ్వను ఆలస్యం చేయాలి, వేగం అందుకున్నాక తొందరపెట్టాలి. ఆ సంగతి మరచి హ్యాండిల్ తిప్పితే ఇంజన్ ఎదురుతన్ని మణికట్టు విరిచేది.

తొందర ఎందుకంటే, సిలిండర్‌లోని మిశ్రమం ఒక్కసారిగా పేలదు, కాలుతుంది. ఆ కాలడానికి రెండు మిల్లీసెకన్లు పడుతుందనుకోండి. నిమిషానికి 1000 చుట్ల వేగంలో ఈలోగా క్రాంక్ 12 డిగ్రీలు తిరుగుతుంది, 3000 చుట్లప్పుడు 36 డిగ్రీలు. పిస్టన్ కిందికి మళ్ళగానే దాని మీద పూర్తి ఒత్తిడి పడాలంటే, అది పైకి చేరకముందే రవ్వ పడి తీరాలి. వేగంతో పాటు సిలిండర్‌లో గాలి సుడులు పెరిగి మంట కూడా చురుగ్గా పాకుతుంది కాబట్టి అసలు లెక్క ఇంత తిన్నగా ఉండదు. కానీ పోకడ ఇదే.

ఈ కథను మలుపు తిప్పినవాడు అమెరికాలోని డేటన్ నగరవాసి చార్లెస్ కెట్టరింగ్. దుకాణాల్లో డబ్బులు లెక్కగట్టే క్యాష్ రిజిస్టర్‌కు ఎలక్ట్రిక్ మోటారు అమర్చినవాడాయన. మిత్రుడు ఎడ్వర్డ్ డీడ్స్ కొట్టంలో పనిచేసి, రవ్వల జల్లుకు బదులు ఒక్క గట్టి రవ్వ ఇచ్చే బ్యాటరీ ఇగ్నిషన్ తయారుచేశాడు. 1910 మోడల్ క్యాడిలాక్ కార్లలోకి అది ఎక్కింది. చేతి హ్యాండిల్‌ను ఇంటికి పంపిన సెల్ఫ్ స్టార్టర్, 1912 క్యాడిలాక్‌తో వచ్చింది. అదీ ఆయన చలవే.

ఆ తరువాత దశాబ్దాల పాటు పద్ధతి మారలేదు. డిస్ట్రిబ్యూటర్‌లో స్విచ్చులా పనిచేసే పాయింట్లు మూసుకున్నప్పుడు కాయిల్‌లో కరెంటు పారుతుంది. తెరుచుకోగానే తెగుతుంది. ఆ తెగిన క్షణంలోనే 12 వోల్టులు కాస్తా వేల వోల్టులవుతాయి. పాయింట్ల దగ్గర మంట లేవకుండా, కరెంటు టక్కున ఆగేలా చూసేది కండెన్సర్. రోటర్ తిరుగుతూ ఆ వోల్టేజిని 1-3-4-2 వంటి క్రమంలో ప్లగ్గులకు చేరవేస్తుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్ 3000 చుట్ల మీదుంటే ఇదంతా సెకనుకు వందసార్లు జరగాలి. డ్రైవరు లివర్ పనిని రెండు భాగాలు పంచుకున్నాయి: వేగం పెరిగితే విచ్చుకునే బరువులు, ఇంజన్ వ్యాక్యూమ్‌ను బట్టి లాగే డయాఫ్రం.

ఇక రిపేరు. మనవాళ్ళలో నాకు నచ్చని అలవాటు ఒకటుంది. పికప్ లేదనగానే టైమింగ్, అంటే రవ్వ పడే వేళ, సరిచేస్తామంటూ క్లాంపు వదులు చేసి, చప్పుడు చెవితో వింటూ డిస్ట్రిబ్యూటర్‌ను అటో ఇటో తిప్పేస్తారు. కానీ పాయింట్లను తెరిచే ఫైబర్ మడమ అరిగే కొద్దీ వాటి మధ్య గ్యాప్ తగ్గుతుంది, పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, టైమింగ్ వెనకబడుతుంది. అంటే గ్యాప్ సరిచేస్తే చాలు, టైమింగ్ కూడా మారుతుంది. కనుక ముందు ఫీలర్ గేజ్‌తో గ్యాప్, ఆ తర్వాతే టైమింగ్. ఈ వరుస తప్పితే టైమింగ్ పని దండగ.

టైమింగ్ వెనకబడితే ఇంజన్ వేడెక్కుతుంది, పెట్రోలు తాగుతుంది. మరీ ముందుకు పోతే ఎత్తు ఎక్కేటప్పుడు టకటకమని నాకింగ్. ఆ చప్పుడును పట్టించుకోకుండా నడిపితే పిస్టన్లకే ముప్పు. వ్యాక్యూమ్ గొట్టం తీసి మూసి, టైమింగ్ లైటు వేసి చూసినప్పుడు పుల్లీ మీది గుర్తు ఒకచోట నిలవక గంతులేస్తే డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ బుష్ అరిగిందేమో అనుమానించాలి. డయాఫ్రం బాగుందా లేదా తేల్చడానికి పరికరమే అక్కర్లేదు. క్యాప్ తీసి, గొట్టాన్ని నోటితో పీల్చితే పాయింట్ల ప్లేటు కదలాలి, పీల్పు నిలవాలి. వానలోనే మొండికేసే బండికి క్యాప్ లోపల సన్నని పగులో నల్లటి కార్బన్ గీతో ఉండొచ్చు. కొత్త పాయింట్లు త్వరగా కాలిపోతుంటే కండెన్సర్ మార్చి చూడాలి.

క్రైస్లర్ 1973 నాటికి అమెరికాలో తయారైన తన కార్లన్నిటిలో పాయింట్లను తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టింది. ఆ తర్వాత కంప్యూటర్ వచ్చి డిస్ట్రిబ్యూటర్‌నే సాగనంపింది. ఇప్పుడు చాలా కార్లలో ప్లగ్గుకొక కాయిల్. మోడల్-టీలో కూడా సిలిండర్‌కొక కాయిల్ ఉండేదని తెలిస్తే నవ్వొస్తుంది.

పాత బండికి పాయింట్ల స్థానంలో ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెట్టించుకోవచ్చు, మంచిదే. పాయింట్ల గొడవ తీరుతుంది. అరిగిన బుష్‌నూ చిరిగిన డయాఫ్రంనూ మాత్రం అది బాగుచేయదు. డబ్బు కట్టేముందు క్యాప్ విప్పి షాఫ్ట్‌ను వేళ్ళతో అటూ ఇటూ ఊపి చూడండి. ఆడుతుంటే ముందు బుష్ వేయించండి.